దోనె నుంచి దిమ్మ దాకా

ఊరి బతుకు తెలియాలంటే పొద్దున్నే దాని బేరం చూడాలి. కొండకర్ల ఆవ అనే సరస్సులో ఆ బేరం దోనెతో మొదలవుతుంది. తాటిమాను తొలిచి, రెండేసి మానులు జతకట్టి చేసిన దోనె అది. మన జాలర్లు దాని మీదే వలలు వేస్తారు, తామరపూలు కోస్తారు.

అక్కడి నుంచి అనకాపల్లి వెళితే బెల్లం మార్కెట్టు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇదొకటి. రైతు చెరకు ఆడించి, రసాన్ని పెనంలో మరిగిస్తాడు. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పే వంటచెరకు. పాకం ముదిరాక పోస్తే దిమ్మ కడుతుంది. మార్కెట్టు యార్డులో దిమ్మలు వరుసగా పేరుస్తారు. వ్యాపారి చిన్న ముక్క గిల్లి, రంగు చూసి, నోట్లో వేసుకుని, అప్పుడు వేలంలో ధర పలుకుతాడు.

ఈ చెరకు మీద పరిశోధన చేసే అనకాపల్లి కేంద్రం 1913 నాటిది. ఇక ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యకు రైతు, వర్తకుడు, బరువులు మోసే కళాసీ అందరూ అనకాపల్లి నూకాలమ్మ తల్లి జాతరలో కలుస్తారు.

ఈ ఆవను, ఈ చెరకును కాపాడుకుందాం. మన ఊళ్లను కలిపి ఉంచేవి ఇవే.