పండ్ల తెలుపు, పండ్ల బలము

పలువరుసను మొల్లమొగ్గలతో పోల్చిన మన కవులే దానిని దానిమ్మగింజలతోను పోల్చినారు. దానిమ్మగింజ తెల్లనిది కాదు గదా! వారు మెచ్చినది తెలుపు నొక్కదానినే గాక, పండ్ల తీరును, నిగనిగను కూడ నని మనము గ్రహింపవచ్చును. నేడు మనకు తెలుపుమీదనే మోజు హెచ్చినది. పెండ్లిచూపులు దగ్గరపడిన ఇంటిలో నిమ్మచెక్క, వంటసోడా, ఉప్పు, బొగ్గుపొడి పండ్లమీదికి వచ్చుచున్నవి. వీనివలన కలుగు మేలెంత, కీడెంత యను సంగతి విచారింతము.

పంటికి పైపొర పింగాణి. మన శరీరమున దీనిని మించిన గట్టి పదార్థము లేదు. దాని క్రింద నుండు పొర లేతపసుపు రంగుది. పింగాణిగుండ ఆ రంగు కొంత పైకి తోచును. కావున ఆరోగ్యముగల పన్ను సున్నమువలె తెల్లగా నుండవలెనను నియమము లేదు. చర్మము గీరుకొన్న మరల మానును. పింగాణి యట్లు కాదు. లాలాజలములోని ఖనిజములు చిన్న నష్టమును పూడ్చగలవు గాని, అరిగిపోయిన పొర తిరిగి పెరుగదు.

నిమ్మరసము తీవ్రమైన ఆమ్లము. అది పింగాణిలోని ఖనిజమును కరిగించి మెత్తబరచును. ఆపైన ఉప్పుతోనో, ఇటుకపొడితోనో రుద్దినచో మెత్తబడిన భాగము లేచిపోవును. మొదటి వారమున పన్ను తెల్లబడినట్లే తోచును. నాళ్లు గడచిన కొలది లోపలి పసుపుపొర మరింత బయటపడును. చల్లనినీరు తగిలినను పన్ను జివ్వుమనును. తెలుపునకై చేసిన పని పసుపునకే దారితీయును.

వంటసోడా ఒక్కటియే అంత గరుకైనది కాదు. టీ, తమలపాకు మరకలను పైపైన తీయగలదు. బొగ్గుపొడి మాట వేరు. దానివలన పండ్లు తెల్లబడుననుటకు గాని, అది నిరపాయకరమనుటకు గాని చాలినంత ఆధారము లేదని 2017లో అమెరికా దంతవైద్య సంఘపు పత్రికలో వెలువడిన సమీక్ష తేల్చినది.

ఇక మన ప్రాంతమునకు ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. హైదరాబాదునుండి వరంగల్లు పోవు బాటలో, ఉప్పలు దాటిన పిదప పీర్జాదిగూడ వచ్చును. ఆ బాటనే ఘటకేసరు దాటి సాగినచో, 2016 వరకు నల్లగొండ జిల్లాలో చేరియుండిన సీమను ప్రవేశింతుము. ఆ జిల్లా పల్లెలను విడిచి నగరపు ఈ తూర్పుకొసన స్థిరపడిన కుటుంబములు గలవు. నల్లగొండ భూగర్భజలములలో పెక్కుచోట్ల ఫ్లోరైడు మితిమీరియుండెడిది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మించిన నీరు త్రాగిన పసివారికి, చిగురులోపల పండ్లు రూపొందు కాలముననే పింగాణి చెడును. ఆ పండ్లు సున్నపుమచ్చలతోను గోధుమరంగు చారలతోను వెలికి వచ్చును. మన దేశమున ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. పటికయు సున్నమును వాడి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు.

ఈ మచ్చ మురికి కాదు. తోమకపోవుటచే వచ్చినది కాదు. పింగాణిలోనే ఇమిడియున్నది. అట్టి పండ్లుగల పిల్లను “సరిగా తోముకొనవా?” అని గద్దించుట అన్యాయము. ఆ మాట పడలేక ఆ పిల్ల చాటున నిమ్మచెక్క పట్టి రుద్దినచో, అసలే బలహీనమైన పొర పోవును. మచ్చ మాత్రము మిగులును. దీనికి దంతవైద్యులు చేయదగిన చికిత్సలు కలవు.

తెలుపుచేయు మందులలో ముఖ్యమైనది హైడ్రోజన్ పెరాక్సైడు. అది పంటిలోనికి దిగి రంగును విరుచును. మోతాదు మించినచో చిగుళ్లు పొక్కును, పండ్లు జివ్వుమనును. ఐరోపా సమాజ దేశములలో 2012 నుండి, నూటికి 0.1 పాలు మించిన పెరాక్సైడుగల దంతద్రవ్యములను నేరుగా ప్రజలకమ్మరాదు. నూటికి 6 పాళ్ల వరకు గలవానిని దంతవైద్యుని ద్వారా మాత్రమే వాడవలెను. 18 ఏండ్లలోపువారికి వాడరాదు. పుచ్చిన పన్నుమీద ఈ మందు పడినచో బాధ తప్పదు. కట్టుడుపండ్లకు, పూడిక పెట్టిన చోట్లకు దీనివలన రంగు మారదు. ఒక్క పన్ను మాత్రమే నల్లబడినచో లోపలి జీవము నశించియుండవచ్చును. అట్టిదానికి పరీక్ష కావలెను గాని పైపూత కాదు.

కావున తెలుపు చేయుటకు ముందు రంగెందుకు మారినదో తెలిసికొనవలెను. తమలపాకు, పొగాకు, టీ మరకలైనచో అలవాటు తగ్గించి, దంతవైద్యునిచే శుభ్రపరపించుకొనిన చాలును. మెత్తని కుంచెతో, ఫ్లోరైడుగల ముద్దతో, పూటకు రెండు నిమిషములు చొప్పున ఉదయమును రాత్రియు తోముకొనుడు. మితమైన ఆ ఫ్లోరైడు పంటికి బలమే. పుల్లనిది తిన్నపుడు నీటితో పుక్కిలించి, అరగంట తాళి తోముకొనుడు.

తెల్లని పన్ను నాలుగునాళ్లు మెప్పు తెచ్చును. గట్టి పన్ను ముదిమిలోను జొన్నరొట్టె నమలును. మొదటిదానికై రెండవదానిని పోగొట్టుకొనవలదు.