మాత్ర ఇంటికి చేరిన తరువాత

(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, మురుగు కాలువలు, వీధిదీపములు చర్చించవలసిన సభలో మాత్రలు మ్రింగుటను గూర్చి ప్రసంగమేల యని మీలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. మిరప కోతల కాలమున మున్నేటి ఒడ్డునగల ఒక గ్రామమునకు పోయినపుడు మా అభిప్రాయము మారినది.

ఆ యింటి కోడలికి ఆరవ నెల. ముఖము పాలిపోయి యున్నది. ఇనుము మాత్రలు అందుచున్నవా యని అడిగితిమి. ఆమె లోపలికి పోయి బియ్యపు డబ్బా వెనుకనుండి ఒక సంచి తెచ్చినది. ఒక అట్టలో రెండు మాత్రలు మాత్రము ఖర్చైనవి. తక్కిన ఎర్రమాత్రల అట్టలన్నియు విప్పకుండనే యున్నవి. “మింగితే కడుపులో తిప్పుతోందండీ. దొడ్డికి నల్లగా వస్తోంది. బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్త వద్దంది” అని చెప్పినది.

రిజిస్టరులో మాత్రలు ఇచ్చినట్లే యున్నది. అది అబద్ధము కాదు. మాత్ర ఇంటికి చేరినది. రక్తములోనికి మాత్రము చేరలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు గర్భిణులలో సగము మందికి పైగా రక్తహీనత కలదని తేలినది. రక్తము తక్కువగా నున్న తల్లికి కాన్పునాడు జరుగు రక్తస్రావము, ఇతరులు తట్టుకొనగలిగినంతదే యైనను, ప్రాణముమీదికి రావచ్చును. కనుకనే నాల్గవ నెలనుండి దినమునకొక మాత్ర చొప్పున 180 దినములు, కాన్పు తరువాత మరి 180 దినములు ఈయవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును.

ఆమె భయమునకు సమాధానము సులభమే. ఒంటికి పట్టక మిగిలిన ఇనుము వలన మలము నల్లబడును. దాని వలన హాని లేదు. బిడ్డ మేనిఛాయ తలిదండ్రుల నుండి వచ్చునుగాని మాత్రనుండి రాదు. కడుపులో త్రిప్పుట మాత్రము నిజమే. పరగడుపున మ్రింగిన ఇనుము బాగుగా ఒంటబట్టును గాని, కొందరికి అది సరిపడదు. అట్టివారు భోజనమైన కొంతసేపటికి, లేదా రాత్రి పరుండబోవునపుడు మ్రింగవచ్చును.

ఇంతకంటె పెద్ద చిక్కు టీతో వచ్చుచున్నది. మన మెట్ట గ్రామములలో మిరప, ప్రత్తి పనులకు పోవు స్త్రీలు తెల్లవారకముందే ఆటో ఎక్కవలెను. తొందరలో గ్లాసెడు టీ త్రాగి, దానితోనే మాత్ర మ్రింగుదురు. టీ, కాఫీ, పాలు ఇనుమును ఒంటబట్టనీయవు. మాత్రకు ముందొక గంట, వెనుకనొక గంట వాటిని మానవలెను. నిమ్మరసము గాని, ఉసిరిక గాని తోడైనచో ఇనుము మరింతగా ఒంటికి చేరును. గర్భిణులకిచ్చు కాల్షియం మాత్రను కూడ ఇనుముతో కలిపి వేసికొనరాదు. రెంటికిని రెండు గంటలైనను ఎడముండవలెను. కూలికి పోవు స్త్రీకి మేము చెప్పు పద్ధతి యిది: ఉదయపు అన్నముతో ఒక కాల్షియం, మధ్యాహ్నపు అన్నముతో ఒకటి, రాత్రి పరుండబోవు ముందు మంచినీటితో ఇనుము. గడియారము లేని యింటను ఇది సాగును. థైరాయిడ్ మాత్ర తీసికొనువారు దానిని ఉదయము పరగడుపుననే వేసికొని, ఇనుమునకు, కాల్షియంనకు నాలుగు గంటల ఎడము పాటింపవలెను.

ఇచట మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుట అప్రస్తుతము కాదు. 1895లో భీమవరమున జన్మించిన ఆయన అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయుచుండగా, 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసినది. బోదకాలునకు వాడు డి.ఇ.సి. మందును కూడ ఆ పరిశోధనాలయమే వెలువరించినది. మొదటిది గర్భిణికి తప్పనిసరి. రెండవది గర్భిణికి నిషిద్ధము. బోదకాలు మాత్రలు పంచునపుడు గర్భిణులను, రెండేండ్లలోపు పిల్లలను, తీవ్రవ్యాధిగ్రస్తులను విడిచిపెట్టుటయు, తక్కినవారికి ఖాళీ కడుపున ఈయకుండుటయు ఇందుకే. ఒకే చోట పుట్టిన మందులకే ఇంత భేదమున్నపుడు, “మాత్ర మంచిదేనా” యని ఊరక అడుగుట చాలదు. ఎవరికి, ఎప్పుడు అనికూడ అడుగవలెను.

ఆ ప్రశ్న అడుగనందువలననే లోకమునకు థాలిడోమైడ్ విపత్తు వచ్చినది. 1957లో పశ్చిమ జర్మనీలో విక్రయమునకు వచ్చిన ఆ నిద్రమందును గర్భిణులు వేవిళ్ళకు కూడ వాడిరి. 1961లో దానిని వెనుకకు తీసికొనునాటికే పలుదేశములలో వేలకొలది శిశువులు కాలుసేతులు సరిగా ఏర్పడక పుట్టిరి.

మన యూళ్ళలో అంతటి పేరు లేని ప్రమాదమొకటి కలదు. నడుమునొప్పికి కిరాణా కొట్టులో కొను మాత్రలు, కాగితపు పొట్లములో కలిపి యిచ్చు రంగురంగుల మాత్రలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఖాళీ కడుపున పడినచో కడుపులో పుండ్లు పడవచ్చును. అయిదవ నెల దాటిన గర్భిణి వాడినచో బిడ్డ మూత్రపిండములు దెబ్బతిని, ఉమ్మనీరు తగ్గవచ్చును. నెలలు నిండుకొలది బిడ్డ గుండెకును అపాయము. డైక్లోఫెనాక్ వైద్యుని చీటీ లేక అమ్మరాదు. కొట్టు యజమాని మీ యూరివాడే, బహుశః మీ బంధువే. అధికారి వచ్చి చెప్పుటకంటె మీరు చెప్పిన మాట అతనికి ఎక్కును.

ఇది విని, గర్భము రాగానే మందులన్నియు పారవేయువారును కలరు. అదియు తప్పే. మూర్ఛకు, రక్తపోటునకు, మధుమేహమునకు, క్షయకు వాడు మందులను తమంతట తాము ఆపరాదు. వాటిలో కొన్ని మార్చవలసి రావచ్చును. ఆ మార్పు చేయవలసినది వైద్యుడు. అట్టలన్నియు, నాటుమందులతో సహా, సంచిలో వేసికొని ఆసుపత్రికి తీసికొనిపోవుట మేలు.

ఆనాడు మేము కోడలితో కంటె అత్తగారితోనే ఎక్కువసేపు మాటలాడితిమి. అంగన్వాడీలో నెలనెలా జరుగు ఆరోగ్య దినమునకు గర్భిణులను పిలుచుచున్నాము గాని, అత్తలను పిలుచుట లేదు. ఈ లోపము మాదియు, మీదియు. వచ్చు నెల వారినికూడ పిలిపింపుడు. మాత్రలు ఇచ్చినారా యని గాక, అట్టలో ఎన్ని మిగిలినవని అడుగుడు.

మరియొక మాట. ఆ సంచి బియ్యపు డబ్బా వెనుక నేలమీద నుండెను. అదే గదిలో రెండేండ్ల పిల్లవాడు ఆడుకొనుచుండెను. ఎర్రని మాత్రలు పిల్లల కంటికి చప్పరింపు బిళ్ళలవలె కనబడును. చిన్నబిడ్డ కొన్ని మ్రింగినను ప్రాణాపాయము కలుగవచ్చును. అట్లు జరిగినచో ఇంటివైద్యము చేయుచు కూర్చొనక, వెంటనే 108కి ఫోను చేసి, ఆ అట్టతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మేము వచ్చునప్పటికి ఆ అత్తగారు సంచిని అటకపై పెట్టించినది.