రెడ్ లైట్ ఉంది, నెట్ లేదు: పై రౌటర్ బూట్ కాకపోతే ముందు ఏం చూడాలి?

రాస్‌ప్‌బెర్రీ పై 4లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకుని రౌటర్‌లా వాడేవాళ్లకి ఈ ఎపిసోడ్. రాత్రి కరెంటు పోయి వచ్చింది, పొద్దున లేచి చూస్తే నెట్ లేదు. బోర్డు మీద రెడ్ లైట్ ఒక్కటే వెలుగుతోంది. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, కార్డు పీకి, ఫార్మాట్ కొట్టి, ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించేస్తారు. అది ఆఖరున చేయాల్సిన పని. ఒక్క తాలు కాయ కనపడిందని మిర్చి బస్తా మొత్తం పారబోయం కదా, ఏరుకుంటాం. ఇదీ అంతే.

మన గుంటూరు, ప్రకాశం వైపు ఊళ్లల్లో ఫైబర్ లైన్ తెగినా నెట్ దానంతటదే 4జీ డాంగిల్ మీదకి మారాలని ఈ సెటప్ పెట్టుకుంటున్నారు. ఈమధ్య చిలకలూరిపేట దగ్గర పల్లె నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, బోర్డు పోయింది. అక్క ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకి రేపే ఆఖరు." నేను ముందు చెప్పింది ఒకటే: "ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి అక్క పని కానివ్వు. రౌటర్ సంగతి తర్వాత చూద్దాం. ఈలోగా కార్డు మాత్రం ఫార్మాట్ చేయకు." ఎందుకంటే వాళ్ల ఫైబర్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ కార్డులో తప్ప ఇంకెక్కడా లేవు.

ఇప్పుడు బోర్డు ఎలా లేస్తుందో చూద్దాం. ముందు కరెంటు. తర్వాత బోర్డు మీదే ఈప్రామ్ అనే చిన్న చిప్‌లో ఉన్న బూట్‌లోడర్. అది కార్డు మొదటి పార్టిషన్‌లోని స్టార్ట్ ఫైల్‌ని తీసుకుంటుంది. తర్వాత కెర్నల్, ఆ తర్వాత ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, చివర్లో నెట్‌వర్క్. ఈ వరసలో ఎక్కడ ఆగిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

ఒకటి, కరెంటు. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంప్స్ అడాప్టర్ కావాలి. బోర్డుకి అందే వోల్టేజ్ దాదాపు 4.63 కిందకి పడితే రెడ్ లైట్ ఆరిపోతుంది, లేదా మినుకుమినుకుమంటుంది. మనం ఊళ్లో లో వోల్టేజ్ అని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు పాత ఫోన్ ఛార్జర్‌దో, సన్న కేబుల్‌దో అయి ఉంటుంది. డాంగిల్, హార్డ్ డిస్క్ అన్నీ పీకేసి ఒట్టి బోర్డుతో ఒకసారి చూడండి. తమ్ముడి దగ్గర రెడ్ లైట్ ఊగిసలాడుతోంది. సరైన అడాప్టర్ పెట్టాక నిలకడగా వెలిగింది. కానీ నెట్ ఇంకా రాలేదు.

రెండు, తప్పు బోర్డుదా, కార్డుదా? పవర్ తీసి, కార్డు బయటికి తీయండి. టైప్ సీ పోర్టు పక్కనే ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుని టీవీకి కలిపి పవర్ ఇవ్వండి. బూట్‌లోడర్ మరీ పాతది కాకపోతే, స్క్రీన్ మీద బోర్డు వివరాలు వస్తాయి. వచ్చాయంటే బోర్డు బతికే ఉంది.

ఏమీ రాకపోతే ఈప్రామ్‌ని బాగుచేయొచ్చు. ఇంకో కార్డు తీసుకోండి, పాతది ముట్టుకోకండి. రాస్‌ప్‌బెర్రీ పై ఇమేజర్‌లో బూట్‌లోడర్ ఆప్షన్ ఉంటుంది. అది కార్డులో రాసి, బోర్డులో పెట్టి, పవర్ ఇవ్వండి. గ్రీన్ లైట్ ఆగకుండా టకటకా కొట్టుకుంటూ, టీవీ స్క్రీన్ మొత్తం ఆకుపచ్చగా మారితే పని అయినట్టే.

మూడు, గ్రీన్ లైట్ లెక్క. పాత కార్డు పెట్టి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూడండి. 4 సార్లు కొట్టుకుని ఆగి, మళ్లీ 4 కొడితే స్టార్ట్ ఫైల్ దొరకలేదని. 7 అయితే కెర్నల్ దొరకలేదని. 8 అయితే మెమరీ సమస్య, అది కార్డు మార్చినా పోదు. కొత్తగా ఫర్మ్‌వేర్ ఎక్కించినవాళ్లు ఇమేజ్ పేరు కూడా చూసుకోండి. పై 3 ఇమేజ్ పై 4లో లేవదు.

తమ్ముడికి 4 వచ్చింది. అంటే కరెంటు పోయినప్పుడు కార్డులో మొదటి పార్టిషన్ దెబ్బతింది. మరి సెట్టింగులు ఉండేది రెండో పార్టిషన్‌లో. ఇక్కడే జాగ్రత్త! ఆ కార్డుని విండోస్‌లో పెడితే "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. విండోస్ ఆ పార్టిషన్‌ని చదవలేదు కాబట్టి అలా అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి. తమ్ముడు వేసుకున్నది ఎక్స్‌ట్ 4 ఇమేజ్. ఫ్రెండ్ లైనక్స్ ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టాడు, ఈటీసీలో కాన్ఫిగ్ ఫోల్డర్ కాపీ చేసుకున్నాడు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ దొరికాయి. తర్వాత కొత్త కార్డులో ఫర్మ్‌వేర్ రాశాడు, ఆ సెట్టింగులు పెట్టుకున్నాడు, అయిపోయింది.

నాలుగు, అసలు బూట్ సమస్యే కానిది. కొత్త ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 192.168.1.1 అనే అడ్రస్‌తో లేస్తుంది. మీ ఫైబర్ బాక్స్‌ది కూడా అదే అడ్రస్ అయితే రెండూ కొట్టుకుంటాయి. మీరేమో బోర్డు లేవలేదనుకుంటారు. ఫైబర్ బాక్స్ కేబుల్ తీసేసి, ల్యాప్‌టాప్‌ని నేరుగా బోర్డుకి కలిపి ఆ అడ్రస్ తెరవండి. పేజీ వస్తే బోర్డు బంగారంలా ఉంది, అడ్రస్ మార్చుకుంటే చాలు.

ఇంకా తేలకపోతే సీరియల్ కేబుల్. 3.3 వోల్టులదే వాడండి. 6వ పిన్ గ్రౌండ్, 8వ పిన్ బోర్డు పంపేది, 10వ పిన్ బోర్డు అందుకునేది. కాబట్టి కేబుల్ ఆర్‌ఎక్స్ 8కి, టీఎక్స్ 10కి. కేబుల్‌లో పవర్ వైరు ఉంటే దాన్ని కలపొద్దు. స్పీడ్ 115200. నానోపై ఆర్2ఎస్ వాడేవాళ్లకి మాత్రం 1500000. స్పీడ్ తప్పయితే పిచ్చి అక్షరాలు వస్తాయి, అది చూసి బోర్డు పోయిందనుకోకండి. స్క్రీన్ మీద ఆఖరి లైను ఏముందో చదవండి. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని ఉంటే రెండో పార్టిషన్‌లో తేడా ఉంది.

ఇక ముందుజాగ్రత్త. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ ఎంచుకోండి. అందులో అసలు సిస్టమ్ మీద రాత పడదు, మీ మార్పులు వేరే చోట ఉంటాయి. సెట్టింగులు చెడిపోతే రీసెట్ చేసుకోవడం తేలిక. కానీ కార్డే పాడైతే అదీ కాపాడదు. అందుకే సిస్టమ్ మెనూలో బ్యాకప్ డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో దాచుకోండి. ఇంకో కార్డులో ఫర్మ్‌వేర్ రాసి బోర్డు డబ్బాలోనే పెట్టుకోండి.

మీ బోర్డు గ్రీన్ లైట్ ఎన్నిసార్లు కొడుతోందో లెక్కపెట్టి, ఆ నంబర్‌తో, బోర్డు పేరుతో కామెంట్ పెట్టండి. "పోయింది అన్నా" అని ఒక్కమాట పెడితే నేనూ ఏం చెప్పలేను. మళ్లీ కలుద్దాం, బై.