భక్తసమాజములలో వివాదములు: విశ్వాసమునకు పాలెంత, ప్రయత్నమునకు పాలెంత?
(మన సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



నేడు నేను ప్రస్తావింపదలచిన ప్రశ్న వేదాంత గ్రంథములకు మాత్రమే చెందినది కాదు. మన క్యాంపులలోని రామమందిరములలోను, భజన మండలులలోను ప్రతి ఉత్సవమునకు ముందు అది తల యెత్తుచునే యున్నది. కల్యాణమునకు పీటలపై కూర్చుండవలసిన వారెవరు? తొలి తాంబూలమెవరికి? పందిరి ఖర్చుల లెక్క యెవరివద్ద నుండవలెను? కీర్తన తెలుగున సాగవలెనా, కన్నడమున సాగవలెనా? ఇట్టి చిన్న మాటలతో మొదలైన మనస్పర్థలు ఒకే వీధిలో రెండు మందిరములు వెలయుటకు దారితీయుట మనకు క్రొత్త కాదు. అట్టి సమయమున కొందరు “భగవంతుడే చూచుకొనును” అని చేతులు ముడుచుకొందురు. మరికొందరు “కోర్టులోనే తేల్చుకొందము” అని లేచిపోవుదురు. ఈ రెండు మాటలును అసంపూర్ణములని నా మనవి.

మహాభారతమున, అనుశాసన పర్వములో, దైవము గొప్పదా పురుషకారము గొప్పదా యని ధర్మరాజు భీష్ముని ప్రశ్నించును. పితామహుని సమాధానములో పురుషకారము పొలముతోను, దైవము విత్తనముతోను పోల్చబడినది. పొలము దున్నక విత్తనము చల్లినను పంట రాదు. దున్ని ఊరకున్నను పంట రాదు. 1953లో తుంగభద్ర నీరు కాలువలకు వచ్చిన పిమ్మట కోస్తా జిల్లాల నుండి ఈ ఎడమకాలువ క్రిందికి వచ్చి, తుప్పలు కొట్టి, మడులు కట్టిన పెద్దల సంతతికి ఈ ఉపమానమును వివరింపనక్కరలేదు.

ఇక మన కనులయెదుటి ఉదాహరణమునకు వత్తును. ఆనెగొంది చెంత తుంగభద్ర నడుమ నవబృందావన మను ద్వీపము కలదు. 1997 వరకు అది మన రాయచూరు జిల్లాలోనిదే. ఆ సంవత్సరమున ఏర్పడిన కొప్పళ జిల్లాలోనికి ఇప్పుడు చేరినది. మధ్వ సంప్రదాయమునకు చెందిన తొమ్మండుగురు యతుల బృందావనములు అచ్చట నున్నవి. మధ్వాచార్యుల సాక్షాచ్ఛిష్యులైన పద్మనాభతీర్థులు మొదలుకొని, విజయనగర సామ్రాజ్యమున శ్రీకృష్ణదేవరాయలచే గురువుగా పూజింపబడి 1539లో కాలధర్మము నొందిన వ్యాసతీర్థుల వరకు, ఆ పిమ్మటి వారును, అచ్చట విశ్రమించుచున్నారు. రాఘవేంద్రస్వాముల గురువులైన సుధీంద్రతీర్థుల బృందావనమును అచ్చటనే కలదు. పుట్టి యెక్కి నదిని దాటి ఆ రాతి కట్టడముల యెదుట నిలిచిన వానికి పగ అను మాటయే స్మరణకు రాదు.

అయినను అదే ద్వీపముపై మంత్రాలయ రాఘవేంద్రస్వామి మఠమునకును, ఉత్తరాది మఠమునకును దశాబ్దములుగా వివాదము నడచినది. ఇరువురును మధ్వాచార్యుల అనుయాయులే, ఇరువురును ఆ యతులను గురువులుగా కొలుచువారే. వాదము స్థలముపై హక్కును గూర్చి కలదు. ఆరాధనలు జరుపు అధికారమును గూర్చి కలదు. ఒక బృందావనము రఘువర్యతీర్థులదని ఉత్తరాది మఠమువారును, జయతీర్థులదని మంత్రాలయమువారును చెప్పుదురు. జయతీర్థుల బృందావనము మళఖేడమున కాగిణీ తీరముననే కలదని ఉత్తరాది మఠము వాదన. ఆరాధన దినములు వచ్చినంతనే ద్వీపమున పోలీసు బందోబస్తు వెలసెడిది. మూడు దినముల ఆరాధనను చెరి యొకటిన్నర దినముగా న్యాయస్థానము పంచి యిచ్చిన సందర్భములును కలవు. ఏ పక్షము న్యాయమో నేను చెప్పబూనను. అది నా పని కాదు. ఈ వ్యవహారము నుండి మనము నేర్చుకొనదగినదేమి యన్నదే నా ప్రశ్న.

అచ్చట చిక్కుపడిన ప్రశ్నలు నిజమునకు మూడు. ఈ బృందావనము ఎవరిదన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. దానికి శాసనములు, ప్రాచీన గ్రంథములు, తాళపత్రములు సాక్ష్యము చెప్పవలెను. ఎంత గాఢమైన భక్తియైనను ఒక రాతిపై లేని అక్షరమును పుట్టింపజాలదు. ఈ భూమి ఎవరిదన్నది హక్కునకు సంబంధించిన ప్రశ్న. పత్రములను చూచి న్యాయస్థానము దానిని నిర్ణయింపవలసినదే. ఇక ఎల్లుండి ఆరాధనను ఎవరు ఎట్లు జరుపవలె నన్నది సేవాక్రమమునకు సంబంధించిన ప్రశ్న. ఇది కూర్చుండి మాటలాడుకొనిన తీరునది. మూడింటిని ఒకే మూట కట్టినపుడు చరిత్ర తేలువరకు దీపము ఆరవలసివచ్చును, హక్కు తేలువరకు భక్తుడు గట్టున నిలువవలసివచ్చును. కావున ఏ వివాదమునందైనను మొదటి పని మూటను విప్పి ప్రశ్నలను వేరుచేయుట.

అదే ద్వీపము మనకు మరియొక పాఠమును కూడ చెప్పినది. 2019 జూలై నెలలో ఒక రాత్రి దుండగులు నిక్షేపములకై ఆశపడి వ్యాసతీర్థుల బృందావనమును పడగొట్టిరి. వార్త తెలిసిన దినముననే వేరువేరు మఠములకు చెందిన యతులును, భక్తులును అచ్చటికి చేరిరి. చెదరిన రాళ్లను ఏరినారు, మోసినారు, శిల్పుల సహాయమున మరల పేర్చినారు. రెండు దినములు గడువకమునుపే బృందావనము లేచి నిలిచినది. రాయి మోయుచున్న వానిని “నీవు ఏ మఠమువాడవు” అని యెవ్వరును అడుగలేదు. ఆ పనితో వ్యాజ్యము తీరినదని నేననను. హక్కుల ప్రశ్న తీరకమునుపే సేవ సాగవచ్చునని మాత్రము ఋజువైనది. అందరిని అచ్చటికి పిలిచినది విశ్వాసము. రాతిపై రాతిని నిలిపినది ప్రయత్నము.

ఆ వ్యాసతీర్థులను గూర్చియే ఒక కథ మన ప్రాంతమున ప్రసిద్ధము. కురుబ కులమున పుట్టిన కనకదాసును ఆయన ఆదరించుట కొందరు శిష్యులకు గిట్టలేదు. గురువు వారిని కసరలేదు. శిష్యులకందరకు తలకొక అరటిపండు నిచ్చి, ఎవ్వరును చూడని చోట తిని రమ్మనిరి. అందరును తిని వచ్చిరి. భగవంతుడు చూడని చోటు దొరకలేదని కనకదాసు పండును తిరిగి తెచ్చెను. కథ వింత ఎట్లున్నను, గురువు నేర్పు గమనింపదగినది. ఆయన ఆజ్ఞతో నోళ్లు మూయింపలేదు, ప్రార్థించి ఊరకుండనులేదు. శిష్యులు తమ కన్నులతో తామే చూచి ఒప్పుకొనునట్లు ఒక పని కల్పించినారు.

మన జిల్లాలోనే మరియొక కథ కలదు. మాన్వి ప్రాంతమున సంస్కృత పండితులకును, కన్నడమున కీర్తనలు పాడు హరిదాసులకును నడుమ చిన్నచూపు ఉండెడిది. చీకలపర్వి విజయదాసులను (1682-1755) ఒక యువ పండితుడు తృణీకరించి, కడుపునొప్పి యని నెపము చెప్పి వారి పంక్తిలో భోజనమునకు రాలేదనియు, ఆ నొప్పి నిజమే యైనదనియు, విజయదాసుల మాటపై గోపాలదాసుల కడకేగి స్వస్థుడైనాడనియు పెద్దలు చెప్పుదురు. ఆ పండితుడే పిదప జగన్నాథదాసులై (1728-1809) కన్నడమున హరికథామృతసారమును రచించినారు. దైవకృప యెంత గొప్పదైనను, తాను తృణీకరించిన వారి గడపకు ఆయన తన కాళ్లతోనే నడచి పోవలసివచ్చినది. మనస్పర్థ తీరుటకు అంతకన్న దగ్గరి దారి నాకు తెలియదు.

వంతుల పద్ధతికి ఉడుపి మంచి నిదర్శనము. కృష్ణపూజ ఎనిమిది మఠముల నడుమ వంతున సాగును. పూర్వము రెండు మాసములుగా నున్న వంతును వాదిరాజతీర్థులు రెండు సంవత్సరములకు పెంచిరని సంప్రదాయము. పదునారేండ్ల కొకమారు ఒక్కొక్క మఠమునకు వంతు వచ్చును. దానికి బహుకాలము ముందుగానే అరటి మొక్కలు నాటుటకు, బియ్యమునకు, కట్టెలకు, ధాన్యమునకు వేరువేరు ముహూర్తములు కలవు. అచ్చట తగవులు లేవనరాదు. 2008లో విదేశయాత్ర చేసిన స్వామివారు శ్రీకృష్ణవిగ్రహమును స్పృశింపవచ్చునా యని పెద్ద చర్చయే జరిగినది. అయినను వంతు తప్పలేదు, పూజ ఆగలేదు. వాదమునకు చోటిచ్చియు పూజను నిలుపగల క్రమము ముందే యేర్పడి యుండుటయే దానికి కారణము.

ఇంతకును మనము చేయవలసినదేమి? మొదట, ఉత్సవపు మాటలు ఉత్సవము ముంగిట గాక మూడు మాసములు ముందుగా జరుగవలెను. పందిరి క్రింద మొదలైన తగవు పందిరి క్రింద తీరదు. రెండవది, పీటలు, తాంబూలము, పల్లకి మున్నగు మర్యాదలకు వంతు లేర్పరచి కాగితముపై వ్రాసి, అందరును చేవ్రాలు చేయవలెను. నోటిమాట తండ్రితో పోవును, వ్రాత కొడుకునకు మిగులును. మూడవది, చందాల లెక్కను ఉత్సవము ముగిసిన వారములోనే మందిరపు గోడకు అంటింపవలెను. సగము కలహములు దేవునిని గూర్చినవి కావు, రూపాయలను గూర్చినవి. నాలుగవది, భాష. మన పిల్లలు కన్నడ బడులలో చదువుచున్నారు, మన పొరుగువారు కన్నడిగులు. ఒక దినము త్యాగరాజస్వామిని, ఒక దినము పురందరదాసులను పాడినచో తెలుగునకు నష్టమేమియు లేదు. అల్పసంఖ్యాకులమైన మనము మన భాషకు గౌరవము కోరునపుడు ఇరుగుపొరుగు భాషకు మన మందిరమున పీట వేయుట న్యాయము.

అయినచో విశ్వాసమునకు పని యేమి అని కొందరు అడుగవచ్చును. చాల కలదు. ఎదుటివాడును నా స్వామికే మ్రొక్కుచున్నాడన్న ఎరుక విశ్వాసము వలననే కలుగును. ఓడిపోయినను మందిరమును విడువక వచ్చి హారతి కన్నులకద్దుకొను శక్తి విశ్వాసము వలననే వచ్చును. గెలిచినవాడు మీసము దువ్వకుండ నాపునదియు అదియే. ఒడంబడికను వ్రాయుటకు ప్రయత్నము చాలును. దానిని చెడకుండ నిలుపుటకు విశ్వాసము కావలెను. కోర్టు తీర్పు ఒక పక్షమును గెలిపించును గాని, మరునాడు ఇరుపక్షములను ఒకే పంక్తిలో కూర్చుండబెట్టజాలదు. ఆ పని మనదే.

కావున రానున్న ఉత్సవముల లోపల ప్రతి క్యాంపు మందిరమువారును ఒక మారు కూర్చుండి వంతుల పత్రమును వ్రాసికొనవలెనని నా ప్రార్థన. కోరిన చోటికి సంఘము తరఫున ఇద్దరు పెద్దలు వచ్చి కూర్చుందురు. తీర్పు చెప్పుట వారి పని కాదు, ఇరుపక్షముల మాట తుదివరకు వినుట వారి పని.