రాలిపోయిన 'ట'

 ఇవాళ బీఎడ్ పట్టా అందుకుంటున్నవాళ్లలో కొందరు జూన్‌కల్లా మాదాపూర్, కొండాపూర్ బడుల్లో ఏడో తరగతి ముందు నిలబడతారు. అక్కడి పిల్లలు పాఠ్యపుస్తకం కంటే ముందు అమ్మ ఫోన్ చదివేసి వస్తారు. వాళ్లకు చెప్పదగ్గ పాఠం ఆ బడులకు దగ్గర్లోనే జరిగింది.

2025 ఉగాది సెలవుల్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగాయి. ఐటీ పార్కు కోసం చదును. విద్యార్థులు రోడ్డెక్కారు. వెంటనే ఫోన్లలో బొమ్మలు: బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలు, నెమళ్లు. వాటిలో కొన్ని కృత్రిమ మేధ అల్లినవి. బొమ్మ చూసి కరిగిపోయినవాళ్లు కొందరైతే, బొమ్మ నకిలీది కాబట్టి అక్కడ జింకలే లేవన్నవాళ్లు ఇంకొందరు. ఇద్దరిదీ ఊహే. రెండోది తెలివైనదిలా కనిపిస్తుంది, అదే చిక్కు.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు, వెంటనే వెళ్లి చూసి రమ్మని తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను పురమాయించింది. దాదాపు 100 ఎకరాలు చదునయ్యాయని, నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయని ఆ మధ్యాహ్నమే నివేదిక అందింది. అది కళ్లతో చూసిన సంగతి. దాన్నిబట్టి, అక్కడ అడవి ఉన్నట్టు ప్రాథమికంగా కనిపిస్తోందంటూ కోర్టు పనులు ఆపించింది. ఇది చూసినదాన్నిబట్టి ఊహించిన సంగతి. 'ప్రాథమికంగా' అన్న ఒక్క మాట మీద తరగతిలో అరగంట గడపొచ్చు.

నిజానికి తెలుగు పిల్లలకు చూసినదాన్నీ ఊహించినదాన్నీ వేరుచేసే ఈ విద్య ఉగ్గుపాలతోనే వస్తుంది. జింక వచ్చింది అంటే ఖాయంగా తెలిసినట్టు. వచ్చిందట అంటే ఎవరో చెప్పగా విన్నట్టు. వచ్చింది కాబోలు అంటే గిట్టల గుర్తులు చూసి అనుకున్నట్టు. ఫార్వర్డు నాలుగు ఫోన్లు మారేసరికి ఆ 'ట', ఆ 'కాబోలు' రాలిపోతాయి. పిల్లల చేతికి ఎర్రపెన్సిలిచ్చి వాటిని మళ్లీ పెట్టించడమే టీచరు పని.

ఏప్రిల్ ఎండలో ఎదురు అపార్ట్‌మెంటు ముందు నీళ్ల ట్యాంకర్ ఆగిందనుకుందాం. "వాళ్ల బోరు ఎండిపోయింది" అని రాస్తాడొకడు. వాడు చూసింది ట్యాంకర్‌నే. "మోటారు కాలిపోయిందేమో" అంటుంది పక్కపిల్ల. ఇద్దరినీ వాచ్‌మన్ దగ్గరికి పంపాలి. తిరిగొచ్చి పిల్లాడు గెలిచినట్టు వాక్యం కింద గీత గీస్తాడు. పిల్ల మాత్రం పెన్సిల్ లాక్కుని ఒక్క అక్షరం చేరుస్తుంది: ఎండిపోయిందట.