ఆహారము - జ్ఞాపకశక్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము మన గ్రామమునకు జ్ఞానభిక్ష పెట్టుచున్నది. ఆర్జించిన ఆ జ్ఞానమును వార్ధక్యములో నిలుపుకొనుటకు మన వంటయిల్లు ఎంతవరకు తోడ్పడగలదో నాలుగు మాటలు మనవి చేసెదను.

మా పెదతండ్రిగారు చిల్లర దుకాణము నడిపెడివారు. ఎవరి బాకీ యెంతయో పద్దుపుస్తకము చూడకయే చెప్పెడివారు. డెబ్బదియేండ్లు దాటిన పిదప సరకుల వెలలు మరచిరి. కొంతకాలమునకు ఇంటిదారియే మరచిరి. మేమందరము ముసలితనపు చాదస్తమని ఊరకుంటిమి. ఆయనకు ఇరువదియేండ్లుగా మధుమేహమును, రక్తపుపోటును ఉన్నవి. మందులు వాడుటలో శ్రద్ధ లేదు. ఆ వ్యాధులకును ఈ మరపునకును సంబంధ ముండవచ్చునని మాలో ఒక్కరికిని తోచలేదు.

మెదడు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని మనము విశ్రాంతిగా నున్నప్పుడు సైతము శరీరము ఖర్చుచేయు శక్తిలో ఇంచుమించు ఐదవ వంతు దానికే కావలెను. ఆ శక్తి సన్నని రక్తనాళముల ద్వారా అందును. పిల్లకాలువ పూడిపోయినచో చివరి మడి ఎండును గదా! రక్తములో చక్కెర ఏండ్లతరబడి హెచ్చుగా నున్నను, రక్తపుపోటు అదుపు తప్పినను ఆ నాళములు చెడి, మెదడులో అచ్చటచ్చట చిన్న భాగములు నశించును. జ్ఞాపకమును, ఆలోచనయు క్రమముగా సడలును. 1906లో జర్మను వైద్యుడు ఆల్జీమర్ వర్ణించిన వ్యాధిలో మెదడునందు కొన్ని మాంసకృత్తులు పేరుకొనును. వృద్ధులలో ఈ రెండు విధములైన చెరుపులును తరచు కలిసియే యుండును.

లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో 14 కారణములను పేర్కొన్నది. వానినన్నిటిని తొలగింపగలిగినచో ఇట్టి వ్యాధులలో నూటికి సుమారు 45 రాకుండనో, ఆలస్యముగ వచ్చునట్లో చేయవచ్చునని వారి అంచనా. మధుమేహము, రక్తపుపోటు, స్థూలకాయము, పొగ, మద్యము, వ్యాయామలోపము, వినికిడి లోపము, ఏకాంతవాసము, బాల్యమున చదువు లేకపోవుట అందులోనివి.

ఆహార మొక్కటియే సర్వరోగ నివారిణి యని నేను చెప్పను. అమెరికాలో మూడేండ్లపాటు సాగి 2023లో వెలువడిన ఒక పరీక్షలో, మెదడునకు మేలని యెంచిన ప్రత్యేకాహారము తిన్నవారికిని, మామూలు ఆహారమునే కొంత తగ్గించి తిన్నవారికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కాని ఫిన్లండులో 60 మొదలు 77 ఏండ్ల వయస్సుగల 1260 మందితో జరిపి 2015లో ప్రకటించిన పరీక్షలో, మంచి ఆహారము, వ్యాయామము, బుద్ధికి పని, రక్తపుపోటు మొదలగువాని తనిఖీ కలిపి రెండేండ్లు ఆచరించినవారు, కేవలము సలహాలు పొందినవారికంటె మెరుగుగా నుండిరి.

ఇక మన విస్తరి సంగతి. కొండంత అన్నము, గోరంత కూర మన అలవాటు. శరీరమునకు కావలసిన శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45 మించరాదనియు, ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోబడవలెననియు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది. కావున అన్నము తగ్గించి పప్పు, ఆకుకూరలు, చిక్కుడు, మజ్జిగ పెంచుడు. తినువారు చేపలు, గ్రుడ్లు తినవచ్చును. ఊరగాయ నంజుకొనుటకే గాని కలుపుకొనుటకు గాదు. మధుమేహమునకు మాత్రలు వేసికొనువారు వైద్యుని అడుగక ఉపవాసముండరాదు. చక్కెర మరీ పడిపోయినను మెదడునకు ముప్పే.

మరియొక మాట. మరపులన్నియు మందు లేనివి కావు. బి12 విటమిను లోపమువలన వచ్చు మరపు సకాలమున గుర్తించిన తగ్గవచ్చును. ఈ విటమిను శాకములలో లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసములందున్నది. మధుమేహమునకు చిరకాలము మెట్‌ఫార్మిన్ వాడువారిలో ఇది తగ్గుట కలదు. కనుక ఇంట పెద్దలు మరచిపోవుచున్నచో నవ్వి ఊరకొనక, రక్తపరీక్ష చేయింపుడు. మా పెదతండ్రిగారి విషయమున మేమాపని చేయలేదు.

నలుబదియేండ్లవారు నేడే ప్రారంభింపవలెను. పెద్దలను సాయంకాలము చేయిపట్టి నడిపించుకొని ఈ గ్రంథాలయమునకు తీసికొని రండు. నడక యగును, చదువగును, నలుగురితో మాటయు నగును. ఈ గ్రంథాలయ స్వర్ణోత్సవమునాటికి నేటి సభలోనివారు ఒకరినొకరు పేరుపెట్టి పలుకరించుకొనగలిగిన నా మాటలు సార్థకములు.