ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ గుర్తుగా బడికి కంప్యూటర్లు ఇద్దామనుకుంటున్నాం. మనలో చాలామంది ఇళ్లలో పక్కన పెట్టేసిన కంప్యూటర్లు ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్, కొత్త రకం ప్రాసెసర్ ఉండాలి. అవి లేకపోతే బాగా నడిచే యంత్రం కూడా పాతసామాన్ల కొట్టుకే పోతోంది. వాటిలో లినక్స్ వేసి ఇద్దామని నేనంటే, ఒక మిత్రుడు "అందులో అంతా ఓపెనే కదా, దాచింది ఏమీ ఉండదుగా?" అని అడిగాడు. అవునని ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఈ ప్రసంగం.

మన లెక్కల మాస్టారు జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేసేవారు కాదు. ఎలా చేశావో చూపించమనేవారు. సాఫ్ట్‌వేర్‌లో సోర్స్ కోడ్ అంటే ఆ చేసిన తీరే. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. ఆయన ఉద్యమం కోరే స్వేచ్ఛలు నాలుగు: ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, నలుగురికీ పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. ఇంగ్లిష్‌లో ఫ్రీ అన్న మాటకు రెండర్థాలుండడంతో వాళ్లు ఇప్పటికీ వివరణ ఇచ్చుకోవాల్సి వస్తోంది. మనకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడుపుతున్నవారు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకుని, గ్నూ/లినక్స్‌ను తెలుగులో వాడుకునేలా చేసే పని చేపట్టారు.

మరి ఆ నియమం ఎంత గట్టిగా పాటిస్తున్నారు? నాకు ఇది తెలిసొచ్చింది 2022 సంక్రాంతికి. మా అక్క కూతురి పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 11 వేస్తున్నాను. సగంలో ఆగి, వైఫై చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు ఇవ్వమంది. ఫర్మ్‌వేర్ అంటే ఆ చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం. చిప్ తయారుచేసిన కంపెనీ దాని సోర్స్ ఇవ్వలేదు కాబట్టి డెబియన్ దాన్ని తన సీడీలో పెట్టలేదు. ఆ ఫైలు నెట్‌లోంచి తెచ్చుకోవాలి. "నెట్టు రావాలంటే ముందు నెట్టు ఉండాలా మావయ్యా?" అంది ఆ పిల్ల. ఇంకో కంప్యూటర్ ఉన్న ఇల్లు కాబట్టి పెన్ డ్రైవ్‌లో తెచ్చి వేశాం. లేని ఇంట్లో ఆ ల్యాప్‌టాప్ అలాగే మూలన పడేది.

డెబియన్‌వాళ్లు 1997లోనే ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. మా వ్యవస్థ మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, కానిదాన్ని విడిగా ఉంచుతాం అన్నారు. స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు అదీ చాలలేదు. విడి అరలోనైనా మీ దగ్గర ఉంచారుగా అని డెబియన్‌ను తన ఆమోదిత జాబితాలో చేర్చలేదు. ఉబుంటు, ఫెడోరా కూడా అందులో లేవు. ట్రిస్క్వెల్, ప్యూర్‌ఓఎస్ వంటివి కొన్నే ఉన్నాయి. ట్రిస్క్వెల్‌లో ఉండేది సోర్స్ లేని ముక్కలన్నీ ఏరేసిన లినక్స్-లిబ్రే కెర్నెల్.

అంత నిష్ఠలోనూ ఒక మెలిక ఉంది. అదే ఫర్మ్‌వేర్ చిప్‌లోనే శాశ్వతంగా ఉంటే హార్డ్‌వేర్‌లో భాగమని ఫౌండేషన్ వదిలేస్తుంది. డిస్కు నుంచి లోడ్ చేస్తే మాత్రం తప్పంటుంది. వాడేవాడికి రెండూ మూసిన పెట్టెలే.

డెబియన్‌వాళ్లు 2022లో ఓటింగ్ పెట్టి, ఒప్పందాన్ని సవరించుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోపాటే వస్తోంది. దాని అర మాత్రం వేరే, పేరు కూడా వేరే. సూత్రం సడలించారని కొందరు బాధపడ్డారు. నాకూ ఆ బాధ కొంత ఉంది. కానీ మా మేనకోడలి ప్రశ్నకు జవాబు దొరికింది.

నా మటుకు నాకు అర్థమైంది ఇది. రాజీ పడడం ఒక ఎత్తు, దాన్ని దాచడం ఇంకో ఎత్తు. మన జంగారెడ్డిగూడెం పొగాకు వేలంలో బేలుకు గ్రేడు చీటీ ఉంటుంది. తక్కువ గ్రేడు ఆకు అమ్మడం తప్పు కాదు. పైన మంచి ఆకు పేర్చి, లోపల తుక్కు పెడితేనే మోసం.

కాబట్టి సంఘానికి నా మనవి. ఇచ్చే ప్రతి కంప్యూటర్‌లోనూ డెబియన్ వేద్దాం. స్వేచ్ఛలేని ప్యాకేజీలు ఏమేం ఉన్నాయో జాబితా ఇచ్చే చిన్న ప్రోగ్రాం అందులో దొరుకుతుంది. మొదట్లో దానికి సరదాగా స్టాల్‌మన్ పేరే పెట్టారు. ఆ జాబితా పిల్లల చేతే తీయించి, ఒక చీటీ మీద రాయించి కంప్యూటర్‌కు అంటిద్దాం. ఇక ముందు కొత్తవి కొనేటప్పుడు ఆ చీటీ ఎంత చిన్నదైతే అంత మంచి యంత్రం అనుకుందాం.

ఇన్‌స్టాల్ చేసే పని నాది. వచ్చే వేసవి సెలవుల్లో వారం రోజులు ఇక్కడే ఉంటాను. మీ ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌ను కొట్టుకు వేయకుండా బడికి పంపండి. ఛార్జరు కూడా మరిచిపోకండి.